ఫ్లోరెన్స్‌లో కూర్చునే చోట్లు

జగదీష్ ఎక్కడికి వెళ్లినా ముందు చూసేది కూర్చోవడానికి చోటు. తాముండే కాపెల్ ఊళ్లో ఎవరింట గృహప్రవేశమైనా అందరూ కిచెన్ చూసి మురిసిపోతుంటే, ఇతను మాత్రం ఉన్న కుర్చీలన్నింటిలోనూ కూర్చుని లేచి, "డైనింగ్ చెయిర్స్ ఓకే, సోఫానే మరీ లోతు" అని తీర్పు చెప్పేస్తాడు. భార్య చంద్రిక ప్లేటు పట్టుకుని పక్క గదిలోకి వెళ్లిపోతుంది.

అలాంటి మనిషిని ఆఫీసువాళ్లు ఓ కాన్ఫరెన్స్‌కి ఫ్లోరెన్స్ పంపించారు. చంద్రికకి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. ఆమె, అత్తగారు సుబ్బులు కలిసి ఎన్నాళ్లుగానో ఆ ఊరి వీడియోలే చూస్తున్నారు. అంత పెద్ద చర్చి గోపురాన్ని కింద ఆసరా లేకుండా ఎలా నిలబెట్టారన్నది సుబ్బులుగారికి అంతుచిక్కని సంగతి. తీరా వేసవిలో అక్కడికే వెళదామంటే, "నా మోకాళ్లతో మ్యూజియాలేంటమ్మాయ్, మీరు వెళ్లిరండి" అని తేల్చేశారు. వీల్‌చెయిర్ మాటెత్తితే ముఖం తిప్పుకున్నారు. ఆవిడ లేకుండా వెళ్లడం చంద్రికకి సుతరామూ ఇష్టం లేదు.

"మంచి ఫొటోలు పంపండి. అవి చూస్తే అత్తయ్య మనసు మారుతుంది" అని మరీ మరీ చెప్పి మొగుణ్ని విమానం ఎక్కించింది.

ఫొటోలు వచ్చాయి. ఉఫిజీ మ్యూజియంలో ఒక బెంచీ. పిట్టి ప్యాలెస్ గోడవారన రాతి అరుగు. ఇంకెక్కడో ఇంకో బెంచీ, దాని మీద కునుకు తీస్తున్న ఓ టూరిస్టు.

చంద్రిక ఫోన్ చేసింది. "డేవిడ్ విగ్రహం చూశారా?"

"చూశాను. పాపం, నిలబడే ఉన్నాడు. మనకి మాత్రం వెనకాల కూర్చునే చోటుంది."

"మరి పెయింటింగ్స్?"

"బోలెడున్నాయి. కానీ ఒక రూమ్‌లో సీటింగే లేదు చందూ. గార్డ్‌ని అడిగితే నన్ను అదోలా చూశాడు."

ఆమె ఫోన్ పెట్టేసింది.

తిరిగొచ్చిన ఆదివారం అతను టీవీలో ఆ బెంచీలనే వేసి తల్లిని పిలిచాడు. చంద్రిక ఒళ్లు మండి వంటింట్లోనే ఉండిపోయింది. మాటలు మాత్రం వినబడుతున్నాయి.

"అమ్మా, ఇక్కడ కూర్చుంటే కిటికీలోంచి నది కనిపిస్తుంది. తర్వాతి బెంచీ మన గరాజ్ నుంచి మెయిల్‌బాక్స్ అంత దూరం."

"అంతేనా?" సుబ్బులుగారు టీవీ వైపు వంగారు. "మరి గోపురం?"

"పక్కనే గోడవార అరుగుంది. తలెత్తితే గోపురమే. ఎంతసేపైనా చూడు, ఎవరూ లేవమనరు."

"మెయిల్‌బాక్స్ దాకా రోజూ వెళ్లేది నేనే కదా" అన్నారావిడ సాలోచనగా.

వంటింట్లో చంద్రిక చేతిలో గరిటె ఆగిపోయింది. ఈ మనిషి ఊరంతా తల్లి మోకాళ్లతో తిరిగొచ్చాడన్నమాట. ఏ విందుకెళ్లినా అత్తగారికి సరైన కుర్చీ ఎలా దొరుకుతోందో కూడా ఇప్పుడు తెలిసింది. పెళ్లయిన ఇన్నేళ్లకి మొగుడు పట్టలేనంత ముద్దొచ్చాడు.

"ఆ పెయింటింగ్స్ దగ్గర బెంచీకి వీపు ఆనించుకునే వీలుందా జగ్గూ?"

"లేదమ్మా. నేను అటు తిరిగి కూర్చుంటాను, నాకు ఆనుకో."

"అప్పుడు నీకు బొమ్మలు కనబడవు కదరా?"

"నేను చూసేశానుగా."

"ఏమున్నాయి వాటిలో?" అని గుమ్మంలోంచి అడిగింది చంద్రిక.

జగదీష్ టీవీలో ఫొటోలు వెనక్కి జరిపి చూశాడు. అన్నీ బెంచీలే.

"వాణ్ని వదిలెయ్ అమ్మాయ్" అన్నారు సుబ్బులుగారు నవ్వుతూ. "అక్కడ నేను చూస్తూ చెబుతాలే, వింటాడు."