సుభద్ర మేడం ఫీల్డ్‌వర్క్

శెనక్కాయలు వలిచే చప్పుడు ఎక్కడ వినిపించినా, ఆ పొట్టు దుమ్ముకు తుమ్మేలోపే నాకు సుభద్ర మేడం గుర్తొస్తారు. మొన్న అనంతపురం మార్కెట్ యార్డులో అదే జరిగింది. ముందు నా తెలివి సంగతి చెప్పుకోవాలి. నేను డిగ్రీలో మానవశాస్త్రం తీసుకోవడానికి కారణం ఒక్కటే. నేనూ మానవుణ్ణే కదా, చదవకపోయినా పాసైపోతాననుకున్నాను. మొదటి క్లాసులోనే ఈ మాట ధైర్యంగా చెప్పేశాను కూడా. మేడం కళ్ళద్దాలు పైకి తోసుకుని, “మానవుణ్ణని నువ్వే చెప్పుకుంటే ఎట్లప్పా? మూడేండ్లు చూసి మేం చెప్తాం” అన్నారు.

మేడంది కర్ణాటక సరిహద్దులోని చిలమత్తూరు. మెచ్చుకుంటే తెలుగులో, తిడితే కన్నడంలో. మొదటి సంవత్సరం అయ్యేసరికి నాకు కన్నడం బాగా వచ్చేసింది. ఒకరోజు క్లాసులో, “అమ్మ తమ్ముడూ మామే, పిల్లనిచ్చినాయనా మామే. ఎందుకో ఎప్పుడన్నా ఆలోచించినారా?” అని అడిగారు. పుట్టినప్పటినుంచీ పిలుస్తున్న పిలుపే! ఆ సాయంత్రం ఇంట్లో అందరి వంకా కొత్తగా చూశాను. అత్త, మామ, వదిన, బావ... మా ఇల్లే ఒక పాఠ్యపుస్తకం, అందులో నేనొక చిన్న అధ్యాయం. ఆ సంబరానికి అన్నం కూడా సహించలేదు. నాకు జ్వరమొచ్చిందనుకుని అమ్మ నుదురు తాకి చూసింది.

చివరి సంవత్సరం ఫీల్డ్‌వర్క్ వచ్చింది. మా నాయన ఆ మాట విని, “అంటే పొలం పనే కదప్పా! దానికి కాలేజోళ్ళకు దుడ్లు కట్టల్లనా? మన చేను యాడికన్నా పోయిందా?” అన్నాడు. నేను పరీక్ష తప్పితే తాడిపత్రిలో చిన్నాన్న బండల ఫ్యాక్టరీలో చేరాలని అప్పటికే తీర్మానం అయిపోయింది. రిపోర్టు బాగుంటే పై చదువు, లేకుంటే రాళ్ళు.

నాకు బత్తలపల్లె దగ్గరి ఒక పల్లె ఇచ్చారు. వాళ్ళ వరసల గురించీ పెళ్ళిళ్ళ గురించీ రాసుకురావాలి. పరీక్ష అట్టా పెన్నూ పట్టుకుని ఠీవిగా దిగాను. మా జిల్లాలో అట్టతో ఊళ్ళోకి వచ్చినవాడు కరువు లెక్కలు రాసే ఆఫీసరేనన్న సంగతి నాకు తట్టలేదు. “మేనమామను ఏమని పిలుస్తారవ్వా?” అని ఒక ముసలామెను అడిగాను. “యాడ మామ నాయనా, అంతా ఎండిపాయె. రాసుకో” అంది. ఇంకొకాయన ఎండిన శెనక్కాయ చెట్టు పీక్కొచ్చి నా ముందు పెట్టాడు. సాయంత్రానికి ఆధార్ కార్డుల జిరాక్సులతో వరుస కట్టారు. నా అట్ట మీద ఒక్క మామ లేడు, అంతా పంట నష్టమే.

మేడం విని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. తర్వాత, “పెన్ను జేబులో పెట్టి, వాళ్ళు ఏం చేస్తాంటే అది చెయ్. వాళ్ళు నిన్ను అడుగుతారు. దాచకుండా చెప్పు” అన్నారు.

విత్తనానికి కాయలు వలుస్తున్న ఆడవాళ్ళ పక్కన కూర్చున్నాను. నేను నోరు తెరిచేలోపే అదే అవ్వ, “పెండ్లయిందా?” అంది. లేదన్నాను.

“మేనమామకు కూతుర్లు లేరా?”

“ఒకామె ఉంది గానీ, నాకన్నా పెద్దదవ్వా.”

“పెద్దదాన్ని యాడన్నా చేసుకుంటారా?” అని అవ్వ గదమాయించింది.

“మా మరిది చేసుకోలేదా? వాళ్ళు బాగలేరా?” అని పక్కామె లేచింది. అంతే, రెండు పార్టీలయ్యాయి. ఏ వరస కలుస్తుంది, ఏది కలవదు, ఎవరి పెళ్ళికి ఎవరు అలిగారు, అంతా బయటికొచ్చింది. నా చేతిలో కాయలు, వాళ్ళ నోట్లో నా పెళ్ళి! బస్సులో కూర్చుని మర్చిపోకముందే గబగబా రాసుకుంటుంటే, కండక్టరు టికెట్ అడిగింది కూడా వినపడలేదు.

వారం రోజులు అలా నన్ను వలిచేశారు. అందుకే నా పని ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి మేడం వస్తున్నారని తెలియగానే అవ్వ చెవిలో, “మా మేడంకు మొహమాటం లేదు. ఏమన్నా అడగొచ్చు” అని ఊదాను. మేడం వచ్చి చేటలో చెయ్యి పెట్టారో లేదో, “ఏమ్మా, నీకెంతమంది పిల్లోళ్ళు?” అని అవ్వ మొదలుపెట్టింది.

“పెండ్లే చేసుకోలేదు పెద్దమ్మా.”

“ఎందుకు?”

ఇన్నేళ్ళలో మాలో ఒక్కరికీ అడిగే ధైర్యం చాలని ప్రశ్న అది. మేడం నా వైపు చూశారు. నేను చాలా శ్రద్ధగా కాయలు వలుస్తున్నాను. చేతిలోని కాయ వలిచి ఆమే చెప్పారు. “నేను అనుకున్నాయనది వేరే కులం. మా నాయన ఒప్పుకోలేదు. నాయన చూపినోళ్ళను నేను ఒప్పుకోలేదు.” అవ్వ తన చేటలోని పప్పులు దోసెడు తీసి మేడం ఒళ్ళో పోసింది.

తిరుగు బస్సులో ఆమె అవ్వ ఇచ్చిన పప్పులు ఒక్కొక్కటే నములుతున్నారు. నేను తాడిపత్రి రాళ్ళను తలచుకుంటున్నాను.

“నువ్వే కదా వాళ్ళను ఎగదోసింది?”

“అవును మేడం.”

“మంచిపనే చేసినావ్. రిపోర్టులో రాయి, పేరు మార్చి. పాసవుతావులే.” బత్తలపల్లె దాటాక కిటికీలోంచి చూస్తూ మళ్ళీ అన్నారు: “ఆయన మాత్రం వాళ్ళింట్లో చూపిన పిల్లకు ఒప్పుకున్నాడు. అవ్వ అది అడగలేదు.”

ఇప్పుడు నా ఉద్యోగమే అది, ఊళ్ళు తిరిగి మనుషులతో మాట్లాడటం. నా ప్రశ్నలన్నీ అయిపోయాక వెంటనే లేవను. ఇంకాసేపు ఊరికే కూర్చుంటాను.