తీగమోదుగ

బాలనర్సమ్మ వద్దన్న మొక్కలనే నాటించి, ఆ తప్పు ఆమెదేనంటూ జడ్చర్ల దగ్గరి నర్సరీ పనిలోంచి ఆమెనే తీసేశారు. మోదుగ చెట్టుకూ తీగమోదుగకూ మూడేసి ఆకులే, పూలదీ ఒకటే నిప్పురంగు. విస్తళ్లు కుట్టి కాయలు కాసిన వేళ్లతో ఆమె మొక్క లేతకొస తడిమి, అది వంగి చుట్టుకోబోతుంటే తీగ అనేది. "ఇస్తార్లు కుట్టేదానివి, నాకు సదువు చెప్తవా?" అన్న అధికారి, తీగలకూ చెట్టు పేరే రాయించి రోడ్డు పక్కన నాటించాడు. రెండేళ్లకు అవి నేలమీద పాకాయి. పని పోయినా ఆమె రోజూ పొద్దున్నే వచ్చి, ఎండుకొమ్మలు పాతి, చీర పేలికలతో తీగలను వాటికి కట్టేది. మొన్న ఆ తీగలను నరికేశారు. నేను అటుగా వెళ్లేసరికి ఆమె ఆ చోటే ఊరికే కూర్చుని ఉంది. వేళ్లు కొంగుకొసను తడుముతున్నాయి. "ఎందుకు కొట్టేసిన్రు అవ్వా?" అని అడిగాను.

"చెట్లు గాలేదట బిడ్డా," అంది. "నేను జెప్పింది గదే గదా."