బొమ్మ రాని గేము పెట్టె

మా పాత టీవీ ఆగిపోతే, టెక్కలిలో ఒక షాపు ఓనరు "పిక్చర్ ట్యూబు పోయింది, కొత్తది కొనుక్కోండి" అని తెగేసి చెప్పేడు. మా మరిది రామూర్తి అతనితో గొడవపడి, అక్కడే వెనక మూత విప్పి, ఒక్క టంకం అతుకు వేసి బొమ్మ తెప్పించేడు. నా కళ్ళతో చూశాను.

అలాంటి మెకానిక్కు ఇప్పుడు తన సొంత వీడియో గేము పెట్టె ముందు నాలుగు రోజులుగా తల బాదుకుంటున్నాడు. ఒకప్పుడు పలాస కుర్రాళ్ళు వరస కట్టి ఆడిన పెట్టె అది. పాట వస్తోంది గానీ తెర నల్లగా చచ్చి ఉంది. ఇన్నేళ్ళూ దాన్ని జీడిపిక్కలు కాల్చే షెడ్డులో పడేశాడు మహానుభావుడు! లోపలంతా పొగ జిడ్డే. తుడిచేడు, ఫ్యూజు మార్చేడు, మధ్యలో నన్ను కసిరేడు.

ఆదివారానికి వెలగకపోతే పాత ఇనుము బండికి ఎత్తించేస్తానని అతని కోడలు అనిత చెప్పేసింది.

"కళ్ళద్దాలు మార్సుకోమంటే ఇనవు గదా," అన్నాను.

"అద్దాలు కావు వదినా, నా కళ్ళే పోనాయి."

ఆ మాట ఆ నోట ఎన్నడూ వినలేదు. ప్లగ్గు పీకేసి, లోపలి బోర్డు ఊడదీసి నా ఒళ్ళో పెట్టేడు.

"ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో జీడిపప్పు ఏరినావు. ఎంట్రుకంత సీలికున్న పప్పయినా నీకు దొరికిపోయేది. ఈ అతుకుల్లో ఏది బీటేసిందో నువ్వే సూసి సెప్పు వదినా."