బాపమ్మ వండిన అటక

నా చిన్నప్పుడు, నాందేడ్‌లో ప్లైవుడ్‌ను గంజు గిన్నెలో ఉడకబెట్టి దాని మంచిచెడ్డలు తేల్చిన మొట్టమొదటి మొనగాణ్ణి నేనే. కాంట్రాక్టర్లు సైతం నన్ను అడిగాకే చెక్క కొనేవారు.

సరే, కాంట్రాక్టర్ల మాట అబద్ధం. ఉడకబెట్టింది కూడా మా బాపమ్మ, అంటే నాయనమ్మ. పొయ్యిలో కట్టెలు ఎగదోసింది మాత్రం నేనే.

అప్పుడు మా అమ్మకు నెలలు నిండాయి. ఆమె పురుడు పోసుకోవలసిన గదిలో పాత అటకను చెదలు తినేశాయి. కొత్తది వేసి, దాని మీదికి జొన్న బస్తాలు ఎక్కించాలి. కింద పసిబిడ్డ పడుకుంటుంది. పైన పెంకులేమో వాన పడితే చాలు, కారతాయి. అంతవరకూ మాకు తెలిసింది ఇస్లాపూర్ వైపు అడవుల టేకే. బజారులోకి ప్లైవుడ్ అప్పుడప్పుడే దిగుతోంది. మా నాన్నను బాపు అనేవాళ్లం. ఆయన నమూనాకు రెండు ముక్కలు తెచ్చాడు. ఒకటి అద్దంలా మెరుస్తోంది. రెండోది ఉత్త గరుకు. బాపు మనసు మెరిసేదాని మీదే పడింది.

బాపమ్మ రెండింటినీ మరుగుతున్న నీళ్లలో వేసింది.

"ఏందమ్మా గిది? చెక్కను వండుతవా?" అన్నాడు బాపు.

"కొత్త చీర రంగు దిగుతదా అని ఉడుకునీళ్లల్ల ముంచి చూస్తలేమా? రంగు పోతే చీరే పాయె. గిది ఊడితే పిల్ల మీద పడ్తది."

పక్కింటి అక్క గోడ మీంచి తొంగిచూసి, "అత్తమ్మా, ఇయ్యాల ఏం కూర?" అంది.

"అటక కూర. గిన్నె తెచ్చుకో, పోస్త."

మధ్యాహ్నానికి మెరిసే ముక్క ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా విడిపోయింది. గరుకుది నీళ్లు తాగి బరువెక్కిందే గానీ, గోరు పెట్టి లాగినా పొర లేవలేదు. బాపు తువ్వాలు భుజాన వేసుకుని గరుకుదాని కోసం బజారుకు నడిచాడు. అటకను మోసే టేకు వాసాలకు, గోడలో దూరే కొసల దగ్గర, బాపమ్మ దగ్గరుండి తారు పూయించింది. ఆ వానాకాలమంతా తమ్ముడు దాని కిందే హాయిగా నిద్రపోయాడు.

ఇప్పటికీ తడిస్తే ఏమవుతుందో చూడనిదే నేను దేన్నీ ఒప్పుకోను. మనవరాలికి సంబంధం చూసినప్పుడు కూడా పిల్లవాణ్ణి వానాకాలంలోనే రమ్మన్నాను.

ఇదంతా రాసి మా సొంత అక్కకు చదివి వినిపించాను. ఆమె ఒత్తులు చేసుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"నువ్వు కట్టెలు ఎగదోసినవా? మెరిసేదే గావాలని మట్టిల పొర్లి ఏడ్చినవ్. నీ ఏడ్పు సూడలేకనే బాపు దాన్ని కొంటనన్నడు. గందుకే బాపమ్మ గంజు ఎక్కించింది. రాస్తే సక్కగ రాయి."