ఖాలీ కెమెరా

నా చిన్నప్పుడు భోపాల్‌పట్నం బజారులో మా మామయ్యకు ఫోటో దుకాణం ఉండేది. దుకాణమంటే మరీ అగ్గిపెట్టె. పెళ్లి జంట ఫోటో దిగాలంటే పెళ్లికూతురు లోపల, పెళ్లికొడుకు రోడ్డు మీద నిలబడాల్సి వచ్చేది. అందులోకి ఒకరోజు జగదల్‌పూర్ నుంచి రెండు లెన్సులు వచ్చాయి. రెండూ దూరపువాటిని దగ్గరగా చూపేవే. ఒకటి పొట్లకాయంత పొడుగు. దాన్ని బిగిస్తే బీజాపూర్‌లో ఎవరు తుమ్మినా కనిపిస్తుందనుకున్నాను. రెండోది చెంబులా పొట్టిగా, వెడల్పు నోటితో ఉంది. ఒకటి ఉంచుకుని ఒకటి వాపసు పంపాలి. ఏది ఉంచాలో నన్నే తేల్చమన్నాడు మామయ్య.

నాకప్పుడు ఫోటో అవసరం పీకల మీదికి వచ్చి ఉంది. పక్కింటి అక్క మర్నాడు పొద్దున్నే కిరందుల్ వెళ్లిపోతోంది. వాళ్ల నాన్నకు అక్కడ ఉద్యోగం. ఆదివారాలు మేమిద్దరం ఇంద్రావతి ఒడ్డున కూర్చుని, అవతలి గుట్ట వెనక పొద్దు గుంకడం చూసేవాళ్లం. ఆ గుట్టను, ఆ వెలుగును ఫోటో తీసి ఇస్తానని అక్కకు మాటిచ్చాను. వీధంతా చాటాను కూడా. మేకలకు సైతం తెలుసు.

"పొడుగుదే" అన్నాను.

"మంచిగ సోంచాయించినవా, కోడలుపిల్లా?"

"సోంచాయించేదేంది మామా, ఎంత పొడుగుంటే అంత దగ్గర."

"సరే. ఇయ్యాల ఖాలీ కెమెరా తీస్కపోదాం."

తెలుగూ హిందీ కలిసే మా సరిహద్దు మాటల్లో ఈ ఖాలీ అనే హిందీ ముక్కకు రెండు ముఖాలు. లోపల ఏమీ లేదనీ చెబుతుంది, అదొక్కటే చాలనీ చెబుతుంది. "ఖాలీ నువ్వు రా" అంటే నువ్వొక్కదానివే రమ్మని. కెమెరా ఒక్కటి చాలు, స్టాండూ సంచీ వద్దంటున్నాడనుకున్నాను.

అక్క కూడా వచ్చింది. పొద్దు గుట్ట వెనక్కి జారి ఆకాశం మోదుగుపూల రంగుకు తిరిగింది. పొట్లకాయలోంచి చూస్తే గుట్ట దగ్గరికి వచ్చింది గానీ, వెలుగు వెంట రాలేదు. బొగ్గుల కొట్లోకి తొంగి చూసినట్టుంది. నా చేతి వణుకుకు గుట్టంతా భూకంపం వచ్చినట్టు ఊగింది. అయినా వేలు అరిగేదాకా నొక్కాను. బాగా వస్తున్నాయా అని అక్క అడిగినప్పుడల్లా అదిరిపోతున్నాయన్నాను.

చీకటి పడుతుంటే, రీలు ఎప్పుడు కడుగుతావని మామయ్యను అడిగాను. అతను కెమెరా వెనక తలుపు తెరిచి చూపించాడు. లోపల రీలే లేదు.

"ఖాలీ కెమెరా అని ముందుగాలనే జెప్పిన గద" అన్నాడు. "ఈ వెల్తురుకు పొడుగుది పనికిరాదు. జెప్తే ఇంటవా నువ్వు? వెల్తురు తగ్గినప్పుడు పొడుగు జూడొద్దు బిడ్డా, నోరు జూడాలె. వెడల్పు నోట్లెకే వెల్తురు వస్తది."

నాకు మామయ్య మాటలు సరిగా వినిపించలేదు. అక్క నా వంకే చూస్తోంది.

"అంటే నువ్వు కూడా ఉత్తుత్తినే తీశావా?" అంది.

కాదని నేను వేసిన ఒట్లకు ఇంద్రావతి దారి మళ్లాలి. అక్క మాత్రం నమ్మలేదు. పొద్దున్నే వెళ్లిపోయింది.

తర్వాతి వారం మామయ్య ఆ చెంబు లెన్సుతో, రీలు వేసి మరీ, అదే గుట్టను తీశాడు. ఎంత బాగా వచ్చిందో చెప్పాలంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మంట. కిరందుల్‌కు పంపాం. మామయ్యకు థాంక్స్ చెప్పమని అక్క జవాబు రాసింది. నా ఊసే లేదు.

నాకిప్పుడు యాభై దాటాయి, ఫోటోల పిచ్చి మాత్రం దాటలేదు. మొన్న జగదల్‌పూర్‌లో, మునిమాపు వేళ కొండల్ని తీయడానికి లెన్సు కొనబోతే, దుకాణదారు తుపాకీ అంత పొడుగుది తెచ్చి ముందు పెట్టాడు. నోరు చూపించమన్నాను. పాపం, తనది తెరిచాడు. చివరికి వెడల్పు నోటిదే కొన్నాను. మామయ్య పాఠం అక్షరాలా నిజం, అదే నా బాధ. అబద్ధమైతే ఎప్పుడో క్షమించేదాన్ని.

పాత కెమెరాల్లో రీలుంటే, దాన్ని జరిపే మీట లాగినప్పుడల్లా ఎడమవైపు చిన్న గుబ్బ తిరిగేది, లేకుంటే కదిలేది కాదు. ఆ సంగతి నాకు ఆ సాయంత్రం గడిచాకే తెలిసింది. ఇప్పటి కెమెరాలకు రీలూ లేదు, గుబ్బా లేదు. అయినా ఎవరైనా ప్రేమగా "నువ్వే తేల్చు" అంటే చాలు, నా కళ్లు వాళ్ల ఎడమ భుజం వైపు పోయి, అక్కడేదైనా తిరుగుతోందా అని వెతుకుతాయి.