ఉప్పెక్కువైన శుక్రవారం

ఆ రోజుల్లో మా వైపు ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకోవడం మానేయాలంటే మూడో మనిషి ఉండి తీరాలి. మాటలు బందయ్యాక కూడా చెప్పుకోవాల్సినవి ఉంటాయి కదా! మా అమ్మకూ, అమ్మ సొంత అక్క అయిన మా పెద్దమ్మకూ మధ్య ఆ మూడో మనిషిని నేను. వరంగల్‌లో ఒకే గల్లీలో ఎదురెదురు ఇళ్ళు మావి. అమ్మ వాకిట్లో నిలబడి, "మీ పెద్దమ్మకు చెప్పు బిడ్డా, ఆమె మేక మన కొత్తిమీర మడిల పడ్డదని" అనేది. గల్లీకి అటుపక్క నిలబడ్డ పెద్దమ్మ ఆ మాట నాకంటే ముందే విని, "మీ అమ్మకు చెప్పు, మేకకు చదువు రాదు, ఇది ఎవలి మడో దానికేం ఎరుక? తడిక కట్టుకొమ్మను" అనేది. నేను మధ్యలో నిలబడి ఇటొకసారి, అటొకసారి తల ఊపేదాన్ని. (జీతం లేని ఉద్యోగమే అయినా హోదా ఉండేది.)

గొడవకు మూలం తాతయ్య సమాధి కార్యక్రమం. మేం ప్రొటెస్టెంట్లం. పెద్దమ్మ కేథలిక్కుల ఇంటి కోడలై వాళ్ళ గుడిలో చేరింది. తాతయ్య పోయినప్పుడు మా పాస్టర్ అయ్యగారూ, వాళ్ళ ఫాదరూ ఇద్దరూ వచ్చారు. మా అయ్యగారు ప్రార్థన మొదలుపెడితే ఆదాము దగ్గర్నుంచి అందరినీ పేరుపేరునా పలకరిస్తూ వస్తారు. ఆయన మోషే దాకా వచ్చేసరికి పొద్దు గూకింది. ఫాదర్ తన పుస్తకం తెరిస్తే చీకట్లో అక్షరాలు కనబడలేదు. "మా ఫాదర్‌ను నోరు తెరవనియ్యలేదు మీరు" అంది పెద్దమ్మ. "పుస్తకం చూసి చదివేది గూడ ఒక ప్రార్థనేనా?" అంది అమ్మ. అంతే, ఆ సాయంత్రం నుంచి నాకు ఉద్యోగం దొరికింది.

ఇలా కొన్నేళ్ళు గడిచాయి. నేను టీచర్ ట్రైనింగ్ చేస్తున్న ఏడు (డెబ్బైల చివర్లో అనుకుంటా) రెండు గుళ్ళ పెద్దలకూ ఒక మంచి ఆలోచన వచ్చింది. ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాల్లో ఒక శుక్రవారం రెండు సంఘాలూ కలిసి యాత్ర చేయాలి. స్టేషన్ ఘన్‌పూర్ దాకా ప్యాసింజర్ రైల్లో, అక్కడి నుంచి పాటలు పాడుకుంటూ కాలినడకన. గుట్ట మీదున్న సిలువ దగ్గర ప్రార్థన చేసి, కట్టుకెళ్ళిన సద్ది ఇటువాళ్ళు అటువాళ్ళకు, అటువాళ్ళు ఇటువాళ్ళకు పెట్టి తినాలి. దేవుడు ఇదంతా నా కోసమే ఏర్పాటు చేశాడని నేను ఖాయం చేసుకున్నాను. ఐక్యత మీద ఒక ప్రసంగం తయారుచేసి అద్దం ముందు నిలబడి వల్లెవేశాను. చివరి మాటలకు వచ్చేసరికి నాకే ఏడుపు ఆగేది కాదు. అది విని అమ్మా పెద్దమ్మా ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తారని, ఆ పైన కేథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ అంతటా ఏకమైపోతారని నా లెక్క. అసలు సంగతేమిటంటే, పెద్దమ్మంటే నాకు ప్రాణం. క్రిస్మస్ పూట ఆమె అక్కడ, మేమిక్కడ కూర్చుని తింటుంటే నాకు ముద్ద దిగేది కాదు. అమ్మకు మాత్రం దిగేదా! పెద్దమ్మకు జ్వరమొస్తే, "దవాఖానకు పోయిందో లేదో అడుగుపో" అని నన్ను తరిమేది.

యాత్రలో వాళ్ళు జపమాల తిప్పుతూ రోడ్డుకు ఆ పక్కన, మేం డోలక్ వాయిస్తూ ఈ పక్కన నడిచాం. గుట్టెక్కాక మా అయ్యగారు ప్రార్థన అందుకున్నారు. నేను ప్రసంగం గుర్తుచేసుకుంటూ గొంతు సవరించుకుంటున్నాను. నడినెత్తిన ఎండ, ఆయనింకా అబ్రాహాము దగ్గరే ఉన్నారు. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగడం చూసి ఫాదర్ గట్టిగా "ఆమెన్!" అన్నారు. రెండు సంఘాలూ ఒక్క గొంతుతో "ఆమెన్!" అని సద్దులు విప్పేశాయి. నా ప్రసంగం సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఆ దినాల్లో శుక్రవారం కేథలిక్కులు మాంసం ముట్టరు. అది తెలిసిన అమ్మ మామిడికాయ పప్పూ, పచ్చిపులుసూ పట్టుకొచ్చింది. పెద్దమ్మ డబ్బా మూత తీసిందో లేదో గుట్టంతా యాటకూర వాసన! వాళ్ళ గుడి పెద్ద ఒకాయన అదిరిపడి, "శుక్రవారం పూట మాంసమా అమ్మా!" అన్నాడు. పెద్దమ్మ డబ్బా నా ముందుకు జరిపి, "మీ అమ్మకు పెట్టు బిడ్డా. నియమం మాకు గని ఆమెకెందుకు? కూర లేంది ఆమెకు బువ్వ దిగది" అంది.

అమ్మ ఒక తునక నోట్లో వేసుకుంది. ముఖమంతా అదోలా అయిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇదే సమయమని నేను ప్రసంగానికి లేచి నిలబడ్డాను. అమ్మ నన్ను పక్కకు నెట్టి, తిన్నగా పెద్దమ్మ ముఖంలోకి చూసి, "అక్కా, ఉప్పు రెండుసార్లు ఏసినవా?" అంది.

"నాకెట్ల తెలుస్తదే? శుక్రవారమాయె, నాలిక మీద ఏసుకోకపోతి."

"ఇంట్ల ఎవలకన్న రుచి చూపియ్యకపోయినవా?"

"ఇంట్ల అందరికీ శుక్రవారమే గదనే, పిచ్చిదానా!"

ఆ మాట అన్నాక గానీ తాము మాట్లాడుకుంటున్నామని ఇద్దరికీ తట్టలేదు. ముందు అమ్మ నవ్వింది, తర్వాత పెద్దమ్మ ఏడ్చింది, ఆ తర్వాత ఎవరు నవ్వుతున్నారో ఎవరు ఏడుస్తున్నారో తెలియలేదు. అమ్మ పచ్చిపులుసు కలుపుకుంటూ, నీళ్ళు తాగుతూ డబ్బా మొత్తం ఖాళీ చేసింది. అడిగినా ఎవరికీ ఒక్క తునక పెట్టలేదు.

తిరుగు రైల్లో అలవాటు కొద్దీ ఇద్దరి మధ్య కూర్చున్నాను. "నువ్వు జర లేసి అటు కూసో బిడ్డా, మేం మాట్లాడుకోవాలె" అంది పెద్దమ్మ. అవునన్నట్టు అమ్మ కూడా నన్ను మోచేత్తో పొడిచింది. వెళ్ళి తలుపు దగ్గర మూతి ముడుచుకుని కూర్చున్నాను.

సంఘాలు ఏకం కాలేదు. మరుసటి ఏడు ప్రార్థన ఎవరు ముందు చేయాలనే దగ్గరే యాత్ర ఆగిపోయింది. ఇప్పుడు అమ్మా లేదు, పెద్దమ్మా లేదు. వాళ్ళిద్దరూ నన్ను లేపేసి దగ్గరికి జరిగి కూర్చోవడం మాత్రం కళ్ళకు కట్టినట్టుంది. తలుపు దగ్గరి ఆ అమ్మాయిని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఏళ్ళ తరబడి దేవుణ్ణి అడిగింది దొరికిన రోజున, ప్రసంగం చెప్పనివ్వలేదని కాజీపేట దాకా ఏడ్చింది, పిచ్చి పిల్ల.