నిమిషానికి ఎన్ని చుక్కలు

బస్తర్‌లో మా విమానాశ్రయం చిన్నది. రోజుకు ఒకటి రెండు పంకాల విమానాలు వస్తాయి, పోతాయి. ఆగిన విమానం చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టడం, చుట్టూ తిరిగి చూడడం, తేడా ఏదైనా కంటబడితే కెప్టెన్‌కు చెప్పడం నా పని. ఇంజనీరు ఇక్కడ ఉండడు, హైదరాబాద్‌లో ఉంటాడు. నేను ఇక్కడ చూసింది ఫోనులో విని, విమానం కదలాలో వద్దో ఆయన తేలుస్తాడు.

ఆ వానాకాలం మా బావ, అంటే అక్క భర్త, మా ఊరు పామేడు నుంచి వచ్చాడు. నాట్లు వేయిస్తుంటే కుడి కంటికి నల్లటి తెర అడ్డం వచ్చిందట. కంటి లోపలి పొర ఊడుతోందనీ, రేపు పొద్దున్నకల్లా హైదరాబాద్‌లో ఆపరేషన్ కాకపోతే ఆ కంటిమీద ఆశ వదులుకోవాల్సిందేననీ ఇక్కడి డాక్టరు చెప్పాడు. టికెట్ నేనే తీశాను. లోపలికి పంపేటప్పుడు కూడా ఆ మనిషికి వేళాకోళమే.

"ఇమానం నువ్వు తోలవా, బామ్మర్దీ? మరి నీ పనేంది?"

"కింద నిలబడి చూసుడు, బావా."

"గంతేనా! దానికి జీతం గూడనా!"

ప్రయాణికులు ఎక్కాక ఆఖరి చుట్టు తిరిగాను. ఎడమ చక్రాల పైన, సన్నని గొట్టం అతుకు దగ్గర తడి. వాననీరనుకుని గుడ్డతో తుడిచాను. గుడ్డంతా జిడ్డు. బ్రేకులకు పోయే నూనె. నా ఖర్మ, దానికి ఇంకో రోజే దొరకలేదా! కెప్టెన్‌కు చెప్పాను. ఆయన దిగివచ్చి చూసి, ఇంజనీరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. నిమిషానికి అయిదు చుక్కల దాకా ఫర్వాలేదు, మించితే విమానం కదలకూడదు, లెక్కపెట్టి చెప్పండి అన్నాడు ఇంజనీరు.

కెప్టెన్ గడియారం చూశాడు. నేను గొట్టం కింద గొంతుక్కూచున్నాను. ఎనిమిది పడ్డాయి.

"ఆఠ్, సర్."

"ఫిర్ సే గినో," అన్నాడు కెప్టెన్. మళ్లీ లెక్కపెట్టమని.

మా పామేడు వైపు పెరిగినవాడికి ఈ మాట ఇంకోలా వినిపిస్తుంది. పట్వారీ గానీ ఫారెస్టు సాబు గానీ అడిగిందే మళ్లీ అడిగాడంటే, మొదటి జవాబు నచ్చలేదన్నమాట. రెండోసారి ఆయనకు నచ్చేదే చెప్తాం. ఆ బుద్ధి మాకు ఉగ్గుపాలతో అబ్బింది. పైగా, తలెత్తితే కిటికీలో కంటికి కట్టు కట్టుకున్న బావ. నన్ను చూసి చెయ్యి కూడా ఊపాడు. రెండోసారీ ఎనిమిదే పడ్డాయి.

"పాంచ్, సర్," అన్నాను.

కెప్టెన్ లాగ్‌బుక్కు తెరిచాడు. నేను చూస్తుండగానే ఇంకో చుక్క పడింది.

"నహీఁ సర్, ఆఠ్ హై. దోనోఁ బార్ ఆఠ్." రెండుసార్లూ ఎనిమిదే అని ఒప్పుకున్నాను. లోపల మా బావ ఉన్నాడనీ, ఆయన కంటి సంగతీ కూడా చెప్పేశాను.

కెప్టెన్ తిట్టలేదు. ఎవరు లెక్కపెట్టినా రెండుసార్లు అడుగుతాననీ, అది తన పద్ధతనీ అన్నాడు. బావ లోపల ఉన్నప్పుడు ఇంకా సరిగ్గా చెప్పాలి కదా అని కూడా అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. లాగ్‌బుక్కులో ఎనిమిది అని రాశాడు. విమానం ఆగిపోయింది.

బావను జీపెక్కించాను. తోంగ్‌పాల్, సుక్మా, కోంటా, భద్రాచలం మీదుగా ఆ గుంతల రోడ్డున హైదరాబాద్ చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. ఆపరేషన్ ఆ తర్వాతి రోజు. ఇప్పుడా కంటికి వెలుతురు తెలుస్తుంది, మనిషి ఆనడు. ముందే తెచ్చినా ఇంతేనేమో అన్నారు డాక్టర్లు. ఆ 'ఏమో' నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

మొన్న పామేడు పోతే బావ మంచం మీద కూచుని చింతపండులో గింజలు తీస్తున్నాడు. పోయి పక్కన కూచున్నాను.

"ఆ పొద్దు ఇమానం ఆపింది నువ్వేనంటగద?"

"నేనే, బావా. నూనె కారుతుండె. ఎనిమిది చుక్కలు."

"మంచిగ లెక్కవెట్టినవా?"

"రెండుసార్లు పెట్టిన."

"రెండుసార్లు గదే చెప్పినవా?"

"గదే చెప్పిన," అన్నాను.

"అయితే నీ జీతం దండగ గాదులే," అని నవ్వాడు బావ, గింజల మీంచి తలెత్తకుండానే.

నేను కూచున్నది ఆయన చూపులేని కంటి వైపు. లేచి చూపున్న కంటి వైపు పోలేకపోయాను.